అన్నా బ్రాసీ

అన్నా బ్రాసీ (అక్టోబరు 7, 1839 - సెప్టెంబరు 14, 1887) ఆంగ్ల యాత్రా రచయిత్రి. సన్‌బీమ్ అనే సొంత విలాసనౌకలో భర్త, పిల్లలతో కలిసి 1876-77లో ప్రపంచాన్ని చుట్టివచ్చి, ఆ అనుభవాలను గ్రంథస్థం చేసి ఐరోపా అంతటా ప్రసిద్ధి పొందింది. ఆత్మీయులు ఈమెను ఆనీ అని పిలిచేవారు. 1887లో భారతదేశాన్ని, హైదరాబాదు నగరాన్ని సందర్శించిన ఈమె అదే యాత్రలో నడిసముద్రంలో మరణించింది. ఈమె చిన్న కుమార్తె తరువాతి కాలంలో మద్రాసు గవర్నరు భార్యగా, ఆపైన వైస్రాయి భార్యగా భారతదేశానికి వచ్చింది.

బాల్యం

అన్నా లండన్‌లో జన్మించింది. తండ్రి జాన్ ఆల్‌నట్ ద్రాక్షసారాయి వర్తకుడు. పసితనంలోనే తల్లి మరణించడంతో తాతగారింట, తరువాత తండ్రి వద్ద పెరిగింది. పుస్తకాలు చదవడం, మొక్కలను గుర్తించడం, భాషలు నేర్చుకోవడం చిన్ననాటి నుంచే అలవాటయ్యాయి. అయితే ఆరోగ్యం ఎప్పుడూ అంతంత మాత్రమే. ఊపిరితిత్తుల వ్యాధి తరచుగా బాధించేది. పెళ్ళికి ముందు ఒకసారి పొయ్యి దగ్గర నిలబడి ఉండగా వెడల్పాటి గౌనుకు నిప్పంటుకొని కాళ్ళు తీవ్రంగా కాలాయి. కోలుకోవడానికి నెలల తరబడి పట్టింది.

వివాహం, కుటుంబ సంపద

1860 అక్టోబరులో అన్నాకు థామస్ బ్రాసీతో వివాహం జరిగింది. అతని తండ్రి పేరు కూడా థామస్ బ్రాసీయే (1805-1870). తండ్రి ఆ కాలపు రైలుమార్గాల గుత్తేదారులలో అగ్రగణ్యుడు. బ్రిటన్, ఫ్రాన్స్, కెనడా మొదలైన అనేక దేశాలలో రైలు మార్గాలు నిర్మించాడు. భారతదేశంలో తూర్పు బెంగాల్ రైల్వే నిర్మాణంలోనూ అతనికి పాత్ర ఉంది. అతడు చనిపోయేనాటికి కూడబెట్టిన ఆస్తి 50 లక్షల పౌండ్లకు పైమాటే. సన్‌బీమ్ నౌకకూ, దాని యాత్రలకూ అయిన ఖర్చు ఈ సంపద నుంచి వచ్చింది. వేలాది కూలీలు మట్టి తవ్వి, రాళ్ళు మోసి వేసిన రైలుమార్గాలే ఆ సంపదకు మూలం.

కుమారుడైన థామస్ (1836-1918) తండ్రి వ్యాపారంలోకి వెళ్ళక రాజకీయాలలో ప్రవేశించాడు. 1868 నుంచి 1886 వరకు హేస్టింగ్స్ నియోజకవర్గం తరఫున పార్లమెంటు సభ్యుడుగా ఉన్నాడు. 1880 తరువాత నౌకాదళ శాఖలో పదవులు నిర్వహించాడు. 1886లో బారన్ బిరుదు లభించడంతో అన్నా లేడీ బ్రాసీ అయింది. బ్రిటన్‌లో స్త్రీలకు పార్లమెంటు ఎన్నికలలో ఓటుహక్కు లేని ఆ రోజులలో అన్నా భర్త తరఫున ఎన్నికల ప్రచారంలో చురుకుగా పాల్గొంది.

ఈ దంపతులకు ఐదుగురు సంతానం: కుమారుడు థామస్ ఆల్‌నట్, కుమార్తెలు మేబెల్, కాన్‌స్టన్స్, మ్యూరియెల్, మేరీ ఎడిలైడ్. వీరిలో కాన్‌స్టన్స్ 1873లో చిన్న వయసులోనే జ్వరంతో మరణించింది.

సన్‌బీమ్ నౌక

బ్రాసీ దంపతులకు అంతకుముందే మీటియోర్, ఇయోథెన్ మొదలైన నౌకలలో ప్రయాణించిన అనుభవం ఉంది. 1872లో ఇయోథెన్‌లో కెనడా, అమెరికా వెళ్ళివచ్చారు. ఆ తొలి యాత్రల గురించి అన్నా రాసిన పుస్తకాలు బంధుమిత్రులకు పంచడం కోసం మాత్రమే అచ్చయ్యాయి.

సుదీర్ఘ యాత్రలకు తగిన నౌక కావాలని తలచి థామస్ బ్రాసీ 1874లో లివర్‌పూల్ దగ్గర కొత్త నౌకను నిర్మింపజేశాడు. దీని రూపకర్త సెయింట్ క్లేర్ బైర్న్. పొడవు సుమారు 160 అడుగులు, వెడల్పు సుమారు 27 అడుగులు, బరువు 530 టన్నులకు పైన. ఇనుప చట్రానికి టేకు పలకలు బిగించి నిర్మించారు. మూడు తెరచాప కొయ్యలు కలిగిన స్కూనర్ తరగతి నౌక ఇది. గాలి ఉన్నప్పుడు తెరచాపలతోనూ, గాలి పడిపోయినప్పుడు ఆవిరి యంత్రంతోనూ నడిచేది. బొగ్గు దొరకని దూరప్రాంతాలకు వెళ్ళాలంటే తెరచాపలే ఆధారం. రేవులలోకి ప్రవేశించడానికి, గాలిలేని భూమధ్యరేఖా ప్రాంతాలను దాటడానికి యంత్రం ఉపయోగపడేది.

చనిపోయిన కుమార్తె కాన్‌స్టన్స్‌ను ఇంట్లో ముద్దుగా పిలిచే పేరు సన్‌బీమ్. అంటే సూర్యకిరణం అని అర్థం. ఆమె జ్ఞాపకార్థం నౌకకు ఆ పేరే పెట్టారు. నౌక ముందుభాగాన బంగారు పూతతో చెక్కించిన బాలిక బొమ్మ కూడా ఆమెదే. ఈ బొమ్మ గ్రీనిచ్‌లోని జాతీయ నౌకా ప్రదర్శనశాలకు చేరింది.

నౌకను నడిపే బాధ్యతను థామస్ బ్రాసీ స్వయంగా వహించేవాడు. ఇందుకోసం నౌకాధిపతులకు ఇచ్చే యోగ్యతా పత్రాన్ని ప్రభుత్వ పరీక్ష ద్వారా సంపాదించాడు. ధనికులైన నౌకా యజమానులు సాధారణంగా ఈ పనిని జీతగాళ్ళకు వదిలివేసేవారు.

ప్రపంచ యాత్ర (1876-77)

1876 జులై మొదటివారంలో సన్‌బీమ్ ఇంగ్లాండు నుంచి బయలుదేరింది. బయలుదేరినప్పుడు బ్రాసీ దంపతులు, వారి నలుగురు పిల్లలు, మిత్రులు, నావికులు, వంటవారు, దాదులు అందరూ కలిసి 43 మంది నౌకలో ఉన్నారు. చిన్న కుమార్తె మేరీ ఎడిలైడ్‌కు అప్పటికి ఏడాదిన్నర కూడా నిండలేదు. కుక్కలు, పక్షులు మొదలైన పెంపుడు ప్రాణులు కూడా వెంట ఉండేవి.

నౌక అట్లాంటిక్ సముద్రం దాటి బ్రెజిల్, అర్జెంటీనా మీదుగా దక్షిణ అమెరికా కొనన ఉన్న మెగెల్లాన్ జలసంధి గుండా పసిఫిక్ మహాసముద్రంలో ప్రవేశించింది. చిలీ, తాహితి, హవాయి దీవులు, జపాను, హాంకాంగ్, సింగపూరు, సింహళం, ఏడెన్, సూయజ్ కాలువ, మాల్టాల మీదుగా 1877 మే నెలాఖరుకు ఇంగ్లాండు చేరింది. యాత్ర మొత్తం సుమారు 11 నెలలు సాగింది. ప్రయాణించిన దూరం సుమారు 35,000 మైళ్ళు. సూయజ్ కాలువ 1869లోనే ప్రారంభమైనందున తిరుగు ప్రయాణంలో ఆఫ్రికా ఖండాన్ని చుట్టిరావలసిన అవసరం కలుగలేదు.

ఈ యాత్రలో చెప్పుకోదగిన సంఘటన మాంక్స్‌హేవెన్ నౌక సిబ్బందిని రక్షించడం. వేల్స్ నుంచి చిలీకి బొగ్గు తీసుకుపోతున్న ఆ ఓడలో బొగ్గు దానంతట అదే అంటుకుంది. 1876 సెప్టెంబరు 28న దక్షిణ అమెరికా తీరానికి దూరంగా సన్‌బీమ్ వారు ఆ ఓడను చూసి, అందులోని 15 మందినీ తమ నౌకలోకి చేర్చుకున్నారు. అప్పటికే నిండుగా ఉన్న నౌకలో వారికి చోటు, తిండి, మంచినీరు సమకూర్చవలసివచ్చింది. కొన్ని రోజుల తరువాత ఎదురైన మరొక ఓడలోకి వారిని ఎక్కించి ఇంగ్లాండు పంపించారు.

సముద్ర ప్రయాణం అన్నాకు సుఖంగా సాగేది కాదు. అలల తాకిడికి తరచుగా వికారంతో బాధపడేది. అయినా దినచర్య రాయడం మానలేదు. ఇంటి నిర్వహణ, పిల్లల చదువు, రేవులలో సరుకులు కొనడం, అతిథులను ఆహ్వానించడం వంటి పనులన్నీ ఆమె మీదే ఉండేవి.

రచనలు

యాత్రలో అన్నా ఇంగ్లాండులోని తండ్రికి క్రమంగా ఉత్తరాలు, దినచర్య పంపేది. వాటి ఆధారంగా 1878లో సన్‌బీమ్ యాత్రా గ్రంథం వెలువడింది. నౌకలో అతిథిగా వచ్చిన బింగ్‌హామ్ గీసిన చిత్రాలు అందులో ఉన్నాయి. ఈ పుస్తకం అనేక ముద్రణలు పొందింది. ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్, స్వీడిష్, హంగేరియన్ మొదలైన భాషలలోకి అనువాదమైంది. పాఠశాల విద్యార్థుల కోసం సంక్షిప్త ప్రతులు కూడా వెలువడ్డాయి.

అప్పటి యాత్రా గ్రంథాలలో ఎక్కువ భాగం సైనికులు, మతప్రచారకులు, శాస్త్రజ్ఞులు రాసినవి. అన్నా రచన అంగళ్ళను, వంటలను, దుస్తులను, మొక్కలను, పిల్లల ఆటలను వర్ణిస్తుంది. ఒక కుటుంబం తన ఇంటితో సహా ప్రపంచాన్ని చుట్టివచ్చిందన్న భావన పాఠకులను ఆకట్టుకుంది. మరోవైపు, ఆమె చూసిన దేశాలలో చాలావరకు ఐరోపా సామ్రాజ్యాల అధీనంలో ఉన్నవే. ఆమెకు ఆతిథ్యమిచ్చినవారు ఎక్కువగా గవర్నర్లు, రాజులు, పెద్ద వర్తకులు. అందువల్ల పాలకుల దృష్టి ఆమె రచనలలో సహజంగానే కనిపిస్తుంది.

1880లో సైప్రస్, కాన్‌స్టాంటినోపుల్ యాత్రల గురించి, 1885లో వెస్టిండీస్ ప్రాంతపు యాత్ర గురించి మరి రెండు గ్రంథాలు ప్రచురించింది.

అన్నాకు ఛాయాచిత్రకళలో ప్రవేశం ఉంది. తాను తీసినవి, కొన్నవి కలిపి 70 సంపుటాలలో భద్రపరచిన ఛాయాచిత్రాలు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో హంటింగ్‌టన్ గ్రంథాలయానికి చేరాయి. గాయపడినవారికి ప్రథమ చికిత్స నేర్పే సెయింట్ జాన్ అంబులెన్స్ సంస్థ కోసం కూడా విశేషంగా కృషి చేసింది. తాను వెళ్ళిన రేవు పట్టణాలలో ఆ సంస్థ శాఖలు ఏర్పాటు కావాలని సభలలో ప్రసంగించేది.

భారతదేశ యాత్ర, హైదరాబాదు సందర్శన

1886 చివరలో బ్రాసీ కుటుంబం మరో సుదీర్ఘ యాత్రకు పూనుకుంది. అన్నా ఆరోగ్యానికి వెచ్చని వాతావరణం మేలు చేస్తుందన్న ఆశ కూడా ఇందుకు కారణం. 1887 ఆరంభంలో వారు ఉత్తర భారతదేశంలోని పలు నగరాలను రైలులో తిరిగి చూశారు. తరువాత బొంబాయి నుంచి దక్కనుకు వచ్చి హైదరాబాదును సందర్శించారు. హైదరాబాదు రాజ్యాన్ని అప్పుడు ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ పాలిస్తున్నాడు. వాడి నుంచి సికింద్రాబాదుకు 1874లో రైలుమార్గం ఏర్పడినందువల్ల బొంబాయి వైపు నుంచి వచ్చే యాత్రికులకు ఈ ప్రయాణం సులభమైంది. హైదరాబాదు, పూనాల సందర్శన విశేషాలు ఆమె చివరి గ్రంథంలో చేరాయి.

మరణం

బొంబాయి నుంచి సన్‌బీమ్ సింహళం, బర్మా, సింగపూరు, బోర్నియోల మీదుగా ఆస్ట్రేలియా చేరింది. ఆస్ట్రేలియా రేవులలో ఆమెకు ఘనస్వాగతాలు లభించాయి. కాని మలేరియా జ్వరం ఆమెను క్రుంగదీసింది. ఆగస్టు నాటికి బాగా బలహీనపడినా దినచర్య రాస్తూనే ఉంది. ఉత్తర ఆస్ట్రేలియాలోని డార్విన్ రేవు దాటిన తరువాత పరిస్థితి విషమించింది. 1887 సెప్టెంబరు 14న సన్‌బీమ్ నౌకలోనే తుదిశ్వాస విడిచింది. అప్పటికి ఆమె వయసు 47 సంవత్సరాలు. దగ్గరలో తీరమేదీ లేనందున అదే రోజు సూర్యాస్తమయ సమయంలో భర్త, పిల్లల సమక్షంలో ఆమె దేహాన్ని సముద్రంలో నిక్షేపించారు. ఆమె దినచర్యను మేరీ ఆన్ బ్రూమ్ పరిష్కరించగా 1889లో చివరి యాత్ర అనే అర్థం వచ్చే పేరుతో ప్రచురితమైంది.

నౌక తదుపరి చరిత్ర

థామస్ బ్రాసీ 1890లో మళ్ళీ వివాహం చేసుకున్నాడు. సన్‌బీమ్‌ను మాత్రం వదులుకోలేదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రానికి 1895 నుంచి 1900 వరకు గవర్నరుగా పనిచేయడానికి కూడా ఇదే నౌకలో వెళ్ళాడు. 1905లో జర్మన్ చక్రవర్తి ప్రకటించిన బహుమతి కోసం అట్లాంటిక్ మీద జరిగిన తెరచాప నౌకల పందెంలో సన్‌బీమ్ పాల్గొంది. మొదటి ప్రపంచయుద్ధంలో 1915లో డార్డనెల్స్ ప్రాంతంలో గాయపడిన సైనికుల సేవకు ఉపయోగపడింది. 1916లో బ్రాసీ దీనిని ఆసుపత్రి నౌకగా వాడుకోవడానికి భారత ప్రభుత్వానికి ఇచ్చాడు. అతడు 1918లో మరణించాడు. యుద్ధానంతరం ఈ నౌక వాల్టర్ రన్సిమన్ అనే నౌకా వ్యాపారి చేతికి వచ్చింది. 1929లో దీనిని విడగొట్టివేశారు. అదే ఏడాది రన్సిమన్ దాదాపు అదే తీరులో రెండవ సన్‌బీమ్‌ను నిర్మింపజేశాడు. ఈ రెండవ నౌక తరువాత స్వీడన్‌కు, 1965లో గ్రీసుకు చేరి, నావికుల శిక్షణకు ఉపయోగపడింది.

తెలుగు ప్రాంతంతో సంబంధం

హైదరాబాదు సందర్శన కాక, కుమార్తెల ద్వారా కూడా ఈ కుటుంబానికి తెలుగువారితో సంబంధం ఏర్పడింది.

* ప్రపంచ యాత్రలో పసిపిల్లగా ఉన్న మేరీ ఎడిలైడ్ 1892లో ఫ్రీమన్ థామస్‌ను వివాహమాడింది. ఇతడే తరువాత లార్డ్ విల్లింగ్‌డన్. 1919 నుంచి 1924 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్నాడు. ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాలతో కూడిన నెల్లూరు జిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలో భాగం. పానగల్లు రాజా రామరాయణింగారు 1921లో మద్రాసు రాష్ట్ర మంత్రివర్గానికి నాయకత్వం వహించినది ఇతని హయాంలోనే. అదే సంవత్సరం గాంధీ నెల్లూరు సమీపంలోని పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించాడు. విల్లింగ్‌డన్ 1931-36 మధ్య వైస్రాయిగా పనిచేశాడు. చెన్నైలోని లేడీ విల్లింగ్‌డన్ ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు మేరీ ఎడిలైడ్ పేరే పెట్టారు.

* మ్యూరియెల్ (డి లా వార్ ప్రభువు భార్య) స్త్రీల ఓటుహక్కు ఉద్యమంలోనూ, దివ్యజ్ఞాన సమాజంలోనూ పనిచేసింది. మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి, అతని తమ్ముడు నిత్యానంద ఇంగ్లాండులో చదువుకుంటున్న కాలంలో వారికి అండగా నిలిచింది. ఆమె, ఆమె స్నేహితురాలు మిస్ డాడ్జ్ కలిసి నివసించిన వింబుల్డన్‌లోని ఇంట్లో ఆ సోదరులకు ఆశ్రయం లభించింది.

స్మారకాలు

యాత్రలలో అన్నా సేకరించిన వస్తువులను లండన్‌లోని వారి ఇంట్లో దర్బారు హాలు అనే గదిలో ప్రదర్శించేవారు. 1886లో లండన్‌లో జరిగిన వలసరాజ్యాల ప్రదర్శన కోసం పంజాబుకు చెందిన ఇద్దరు శిల్పులు చెక్కిన కొయ్యపనితో ఈ గదిని అలంకరించారు. 1919లో ఆ గదినీ, సేకరణలో కొంత భాగాన్నీ హేస్టింగ్స్ పట్టణానికి ఇవ్వగా అవి అక్కడి ప్రదర్శనశాలలో భాగమయ్యాయి.