డాక్టరు జేకబ్ చేంబర్లేన్ గారు (1835–1908)

మన పాఠశాలలో ప్రతిదినమును మొదటి గంట మ్రోగిన వెంటనే బాలబాలికలు వరుసలలో నిలిచి పరిశుద్ధ గ్రంథములోని యొక భాగమును చదువుట వాడుక. చదువువాడు తొందరగా చదివి ముగించును. వినువారు కాళ్లు మార్చుకొనుచు నిలిచియుందురు. లెక్కల పుస్తకము తెరచునప్పటికే ఆ భాగము పలువురి మనస్సునుండి జారిపోవును. ఇరువది సంవత్సరములకు పైగా ఉపాధ్యాయుడనై దీనిని చూచుచున్నాను. బాల్యమున నేనును ఆ వరుసలో నిలిచినవాడనే గనుక ఎవరిని నిందింపను. అయితే ఆ గ్రంథము చక్కని తెలుగులో మన చేతికి వచ్చుటకును, మదనపల్లె వీధులలోను వైద్యశాలలోను వినబడుటకును పాటుపడిన యొకరి చరిత్ర తెలిసినయెడల మన చదువు కొంత నిదానించునేమో యని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

జేకబ్ చేంబర్లేన్ గారు 1835 సంవత్సరము ఏప్రిలు 13వ తేదీన అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమందు షారన్ అను ఊరిలో జన్మించిరి. 1856లో వెస్టర్న్ రిజర్వ్ కళాశాలలోను, 1859లో న్యూ బ్రన్స్‌విక్ వేదాంత పాఠశాలలోను చదువు ముగించిరి. వైద్యశాస్త్రమును కూడ అభ్యసించిరి. ఆ యేటనే షార్లెట్ బర్జ్ అను కన్యను వివాహమాడి, ఆ యేటి చివరనే ఓడ యెక్కి, 1860లో చెన్నపట్టణమున దిగిరి. సూయజు కాలువ యింకను తెరువబడని కాలమది. ఆఫ్రికా ఖండమును చుట్టి రావలసిన నెలల ప్రయాణము.

స్కడర్ సోదరులు 1853లో స్థాపించిన ఆర్కాటు మిషనులో ఆయన చేరిరి. ఆ మిషను పని అప్పటికి చాలవరకు తమిళదేశములోనే జరుగుచుండెను. చేంబర్లేన్ గారు తమిళమును తెలుగును రెంటిని నేర్చి, పలమనేరులో కొంతకాలముండి, 1863లో మదనపల్లెకు వచ్చిరి. మదనపల్లె ఆనాడు కడప జిల్లాలోనిది. అది చిత్తూరు జిల్లాలో చేరినది 1911లో. సముద్రమట్టమునకు 2,000 అడుగులకు పైగా ఎత్తున, రాతిగుట్టల నడుమ, చింతచెట్లును మామిడితోపులును గల ఊరు. క్రొత్తగా వచ్చిన ఆ తెల్లదొరను ఆ యూరివారు చూచిన చూపు మొదట అంత చల్లనిది కాదని ఆయనయే తరువాత వ్రాసియున్నారు.

వచ్చిన యేడే ఆయన ఒక పెద్ద ప్రయాణమునకు బయలుదేరిరి. కొందరు తెలుగు క్రైస్తవ సహాయకులు తోడుగా, సువార్తలను చిన్న పుస్తకములను బండ్లమీద నింపుకొని, నిజాము రాజ్యము గుండ గోదావరీతీరపు అరణ్యములవరకు పోయిరి. ఆ యాత్ర మొత్తము 1,200 మైళ్లు. పుస్తకములను ఊరక పంచక చిన్న వెలకు అమ్ముట ఆయన నియమము. వెల యిచ్చి కొనినవాడు ఇంటికి తీసికొనిపోయి చదువునని ఆయన తలంపు. ఉపాధ్యాయులకును ఈ రహస్యము తెలియును: తాను కొన్న పలకను పిల్లవాడు పగులగొట్టుకొనడు.

నిజాము రాజ్యములో కోటగోడ గల ఒక పట్టణమున వారికి ప్రాణాపాయము కలిగెను. వారు అంగడివీధిలో బోధించుచుండగా జనులు కోపించి వెళ్లిపొమ్మనిరి. అంతటితో ఆగక రాళ్లు చేతబట్టి చుట్టుకొనిరి. మొదటి రాయి ఎవడు వేయునో అన్నట్లుండెను. అప్పుడు చేంబర్లేన్ గారు, తాను ఒక కథ చెప్పెదననియు, దానిని విన్న తరువాత కొట్టదలచినయెడల కొట్టవచ్చుననియు వారిని వేడుకొనిరి. మన దేశమందు కథ చెప్పెదనన్న వానిని కొట్టువారు అరుదు. వారు ఒప్పుకొనిరి. ఆయన యేసు జననమును, రోగులను బాగుచేయుటను, తుదకు సిలువమీది మరణమును విన్నవారికి కన్నులయెదుట నిలుచునట్లు చెప్పిరి. చెప్పుచుండగా ఒక్కొక్కడే పోయి చేతిలోని రాతిని కాలువలో పడవేసి వచ్చి నిలిచెను. కథ ముగించి, ఇక మీ యిష్టమని ఆయన చేతులు కట్టుకొని నిలిచిరి. రాయి వేసినవాడు లేడు. ఆ రాళ్లు పట్టినవారే సువార్త ప్రతులను కొనిరి.

గోదావరియొద్ద మరియొక సంగతి జరిగెను. నది పొంగి, ఉపనదులు ఎగదన్ని, దారి మూసికొనిపోయెను. ప్రొద్దు క్రుంకుచుండెను, ఆ యడవిలో పెద్దపులులు మెండు. మూటలు మోయు కూలివారు విడిచి పారిపోవుటకు సిద్ధముగా నుండిరి. చేంబర్లేన్ గారు గుఱ్ఱముతో కొంచెము ముందుకు పోయి ఒంటరిగా ప్రార్థించిరి. ఎడమచేతివైపు నదియొడ్డునకు పొమ్మని మనస్సునకు తోచెను. పోయి చూడగా, కట్టు తెంచుకొని ప్రవాహములో కొట్టుకొనివచ్చిన పెద్ద బల్లకట్టు ఒకటి అచ్చట ఒడ్డున నిలిచియుండెను. ఆ రాత్రి అందరును దానిమీదనే తలదాచుకొనిరి.

ఈ కథలు 1896లో ప్రకటింపబడిన ఇన్ ది టైగర్ జంగిల్ అను ఆయన పుస్తకము మూలముగా అమెరికాలో ఇంటింటను తెలిసినవి. 1900లో ది కోబ్రాస్ డెన్ అను మరియొకటి వచ్చెను. పులి, నాగుబాము అనగానే దూరదేశపు బాలురు చెవులు నిక్కించుకొని వినియుందురు. మిషనుకు ధనసహాయము చేయువారును వారి తలిదండ్రులే. ఇక మన దేశీయుల మతములనుగూర్చి ఆ గ్రంథములలో వ్రాసిన కఠినపు మాటలు కొన్ని నేడు చదువుచుండగా నాకు నొప్పి కలిగించును. ఆ కాలపు మిషనెరీలు పలువురు అట్లే వ్రాసిరి. ఆయన వారిలో నొకరు. ఆయన గొప్పతనము పులుల కథలయందు లేదని నా యభిప్రాయము. పులి కథ ఒక్క రాత్రితో ముగియును. ఆ యాత్రలో పట్టిన అడవిజ్వరము మాత్రము ముగియలేదు. అది ఏండ్ల తరబడి ఆయన శరీరమును వదలక వేధించెను. దానివలననే ఆయన పలుమారు పని విడిచి విశ్రాంతికై పోవలసి వచ్చెను. అట్టి దేహముతో ఆయన చేసిన దినదినపు పనినిగూర్చి కొంచెము విపులముగా చెప్పవలెను.

మదనపల్లెలోను పలమనేరులోను ఆయన వైద్యశాలలు నెలకొల్పిరి. చుట్టుపట్ల పల్లెలనుండి, పుంగనూరు సీమనుండి రోగులు బండ్లమీదను మంచములమీదను వచ్చుచుండిరి. మందిచ్చుటకు ముందు, కూర్చున్నవారందరు వినునట్లు సువార్తలో కొంత చదివి ప్రార్థించుట ఆయన పద్ధతి. వినుమని ఆయన ఎవరిని నిర్బంధింపలేదని నేను చెప్పబోను. మందు కావలసినవాడు కూర్చుండక యేమి చేయును? అయినను ఒకటి గమనింపుడు. చదివిన నోటితోనే ఆయన తరువాత ఆ పుండు కడిగిరి. గ్రుడ్డివానిని, కుష్ఠరోగిని స్వామి తాకెనని విన్న జనులు, గడియయైన గడవకమునుపే ఆ చదివినవాడు తమ్మును తాకుటను చూచిరి. మన ఉదయపు చదువునకు కొరతపడినది ఈ రెండవ సగమేమో!

ఆయన మదనపల్లెలో ఒక పఠనమందిరమును కూడ తెరచి, సాయంకాలములందు ఊరి విద్యావంతులకు ఉపన్యాసములు చేయుచుండిరి. ఒకనాటి ఉపన్యాసము ముగిసిన పిమ్మట ఒక బ్రాహ్మణ పండితుడు లేచి, తాను మాటలాడుటకు సెలవడిగెను. ఏ ఖండన చేయునోయని అందరును చూచుచుండిరి. ఆయన బాటప్రక్కనున్న మామిడిచెట్టును చూడుడనెను. పండ్లు పండుట మొదలైనది మొదలు బాటసారులును బాలురును రాళ్లు, కఱ్ఱలు విసరి దానిని బాధింతురు. ఆకులు రాలును, కొమ్మలు విరుగును. అయినను మరుసటి యేట అది మరల కాయును. ఈ మిషనెరీయు అట్టివాడేయనియు, వీరిచేత ఇట్లు చేయించునది వీరి వేదమేయనియు ఆ పండితుడు చెప్పెను. ఆయన క్రైస్తవుడు కాడు. తన మతమందే యుండి ఆ మాట చెప్పినవాడు. చేంబర్లేన్ గారు ఈ సంగతిని తమ పుస్తకమున వ్రాసిరి గాని, మామిడితోపుల నడుమ పెరిగిన మనకు ఆ యుపమానపు రుచి అమెరికా చదువరులకంటె నెక్కువగా తెలియును.

తెలుగు బైబిలు చరిత్ర దీర్ఘమైనది. 18వ శతాబ్దములోనే షుల్ట్జ్ గారు చెన్నపట్టణమున భాషాంతరము చేసిరి గాని అది అచ్చు కాలేదు. విశాఖపట్టణమందలి లండను మిషనువారైన డెస్ గ్రాంజెస్ గారి పాటువలన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చయ్యెను. పిమ్మట పలువురు పనిచేసిరి. ఆ భాషాంతరములను సరిచూచి క్రొత్తగా కూర్చుటకై యేర్పడిన సంఘమునకు చేంబర్లేన్ గారు 1873 మొదలు 1894 వరకు అధ్యక్షులుగా నుండిరి. విశాఖపట్టణపు జాన్ హే గారు ఆ పనిలో మహాస్తంభము వంటివారు. ఇరువదియొక్క సంవత్సరములు! పదునాలుగవయేట మన బడిలో చేరిన బాలుడు ముప్పదియైదేండ్లవాడగు కాలము. మూలభాషలు ప్రక్కన, పండితుడు ఎదుట, పాత ప్రతులు నేలమీద పరచుకొని, ఒక్క మాటకై గంటలు గడపవలసిన పని అది. దానిలో పులి యేదియు రాదు.

దాని కష్టము కుప్పమువారు సులభముగా గ్రహింతురు. అచ్చట ఒక సంతలోనే తెలుగు, తమిళము, కన్నడము మూడును వినబడును. మన తెలుగే గోదావరివారికి వింతగా తోచును. విశాఖపట్టణపు పండితునికి నచ్చు మాట, కుప్పము ప్రక్క పల్లెలో వేరుశనగ తవ్వు స్త్రీకి తెలియవలెను. ఆమెకు తెలియు మాట గ్రంథమున నిలుచుటకు తగియుండవలెను. ఈ రెంటి నడుమ నడచుట వలననే మన బైబిలు తెలుగునకు ఒక ప్రత్యేకత కలిగినది. తరగతిలో సమాధానమనగా ప్రశ్నకు జవాబు; గుడిలో సమాధానమనగా శాంతి. క్రొత్తగా చేరిన పిల్లలు దీనికి నవ్వుట నేను చూచితిని. ఆదరణ అను మాట అట్లు కాదు. ఇంటికి వచ్చినవానికి చెంబుతో నీళ్లిచ్చి చాప వేయుటను మన సీమలో ఆదరించుట యందుము. దుఃఖించువానిని దేవుడు ఓదార్చుటకును మన బైబిలులో ఆ మాటయే వచ్చును. ఇంతకంటె తగిన మాట నాకు తోచదు.

మా అవ్వ పుంగనూరు ప్రక్క పల్లెలో నుండెడిది. ఆమెకు చదువు రాదు. రాత్రి సంగటి తిన్న పిమ్మట నన్ను దీపముయొద్ద కూర్చుండబెట్టి కీర్తనల గ్రంథము చదివించెడిది. వానలు లేక చెట్టపంట యెండిన యొక యేడు, అప్పు పత్రము వ్రాసివచ్చిన రాత్రికూడ మానలేదు. ప్రక్కయింటివారు మా మతమువారు కారు. వారి పంటయు పోయెను. వారును వచ్చి మా తిన్నెమీద కూర్చుండి వినుచుండిరి. ఒకనాడు నేను నిద్రమత్తులో ఒక వరుస దాటవేయగా, మా అవ్వకంటె ముందు ఆ ప్రక్కయింటి పెద్దాయనయే గుర్తించి మరల చదువుమనెను. ఆ పంట తిరిగి రాలేదు. అప్పు తీరుటకు మూడేండ్లు పట్టెను. కాని ఆ మూడేండ్లును రెండిండ్లవారు ఎద్దులను కలిపి దున్నుకొనిరి. వారు వినిన ఆ తెలుగు వెనుక ఎందరి దీర్ఘశ్రమ యున్నదో నాకు అప్పుడు తెలియదు.

దేశీయ సంఘము ఎల్లకాలము దొరల చేతిక్రింద నుండరాదనియు, వేరువేరు మిషనుల సంఘములు ఒక్కటి కావలెననియు చేంబర్లేన్ గారు చాలకాలమునుండి వాదించుచుండిరి. 20వ శతాబ్దారంభమున దక్షిణ హిందూదేశ ఐక్యసంఘపు మొదటి సినడు కూడినప్పుడు ఆయననే అధ్యక్షునిగా ఎన్నుకొనిరి. ఆ మార్గము తుదకు 1947లో దక్షిణ ఇండియా సంఘమునకు దారితీసినది. ఆయన దానిని చూడలేదు. ఆయన కుమారులలో విలియం గారు వేలూరులోని ఊరీసు కళాశాలకును, లూయిస్ గారు మదనపల్లెలోని పనికిని తమ సేవ నిచ్చిరి.

ముసలితనమున ఆరోగ్యము బొత్తిగా చెడిన పిమ్మటను ఆయన బల్ల విడువలేదు. బైబిలులోని పేర్లను, స్థలములను, వాడుకలను తెలుగువారికి వివరించు నిఘంటువును కూర్చుచుండిరి. పల్లెటూరి ఉపదేశకులకు ఇంగ్లీషు పుస్తకములు అందవు గనుక అది ఆయనకు మిక్కిలి అవసరముగా తోచెను. 1908 మార్చి 2వ తేదీన మదనపల్లెలోనే ఆయన కన్నుమూసిరి. వయస్సు 72 సంవత్సరములు. మార్చి మొదటివారమున మన తోపులలో మామిడిపూత రాలి పిందె పడుచుండును.