మిఖాయిల్ బోట్విన్నిక్

మిఖాయిల్ మొయిసేయెవిచ్ బోట్విన్నిక్ (ఆగష్టు 17, 1911 - మే 5, 1995) సోవియట్ యూనియన్‌కు చెందిన సుప్రసిద్ధ చదరంగ క్రీడాకారుడు, విద్యుత్ ఇంజనీరు. 1948 నుండి 1963 వరకు, నడుమ రెండు పర్యాయములు సుమారు ఒక్కొక్క సంవత్సరము మినహా, ఇతడు ప్రపంచ చాంపియనుగా ఉన్నాడు. కంప్యూటరు చేత మనిషివలె ఆలోచింపజేసి చదరంగము ఆడించవలెనని తన ఉత్తర జీవితమంతా కృషి చేశాడు.

బాల్యము, విద్య

బోట్విన్నిక్ నాటి రష్యా సామ్రాజ్యములో భాగమైన ఫిన్లాండులోని కుయొక్కల గ్రామములో ఒక యూదు కుటుంబములో జన్మించాడు. ఈ గ్రామము ఇప్పుడు రేపినో అను పేరుతో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ పరిధిలో ఉన్నది. 12వ యేట చదరంగము నేర్చుకున్నాడు. 1925లో అప్పటి ప్రపంచ చాంపియను కాపాబ్లాంకా లెనిన్‌గ్రాడ్‌లో ఒకేసారి అనేకమందితో ఆడగా, ఆయనను ఓడించినవారిలో 14 ఏళ్ళ బోట్విన్నిక్ ఒకడు. విద్యుత్ ఇంజనీరింగు చదివి, 1951లో డాక్టరేటు పొందాడు.

చదరంగ జీవితము

1931లో తొలిసారి సోవియట్ చాంపియను అయ్యాడు. 1946లో ప్రపంచ చాంపియను అలెఖిన్ మరణించుటచే ఆ పదవి ఖాళీ అయినది. అందుకొరకు 1948లో హేగ్, మాస్కో నగరములలో ఐదుగురి మధ్య జరిగిన పోటీలో బోట్విన్నిక్ గెలుపొందాడు. 1957లో స్మిస్లోవ్ చేతిలోను, 1960లో తాల్ చేతిలోను ఓడినను, మరుసటి సంవత్సరములందే వారిని తిరిగి ఓడించాడు. 1963లో పెట్రోసియాన్ చేతిలో ఓడిన పిమ్మట మరల చాంపియను కాలేదు. 1970లో పోటీల నుండి విరమించాడు. కార్పోవ్, కాస్పరోవ్, క్రామ్నిక్ ఇతని శిష్యులు.

కంప్యూటరు చదరంగము

యంత్రముచే చదరంగము ఆడించుటకు రెండు మార్గములున్నవని అమెరికా శాస్త్రవేత్త క్లాడ్ షానన్ 1950లో వివరించాడు. సాధ్యమైన ఎత్తులన్నిటిని కొంత లోతువరకు పరిశీలించుట మొదటిది. నిపుణునివలె ముఖ్యమైన ఎత్తులను మాత్రమే ఎంచి పరిశీలించుట రెండవది. 1965లో షానన్ మాస్కో వచ్చినపుడు బోట్విన్నిక్‌తో ఒక ఆట ఆడి ఓడిపోయాడు.

బోట్విన్నిక్ రెండవ మార్గమునే నమ్మాడు. అయితే ఫలితములు మొదటి మార్గమునకు అనుకూలముగా వచ్చినవి. 1966-67లో మాస్కో, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ కంప్యూటర్ల మధ్య టెలిగ్రాఫు ద్వారా నాలుగు ఆటలు జరిగినవి. ఎత్తులన్నిటిని పరిశీలించు సోవియట్ ప్రోగ్రాము 3-1 తేడాతో గెలిచినది. దాని నుండి రూపొందిన కైస్సా 1974లో స్టాక్‌హోంలో జరిగిన తొలి ప్రపంచ కంప్యూటరు చదరంగ పోటీలో విజేత అయినది.

బోట్విన్నిక్ మాత్రము తన మార్గము విడువలేదు. ఇతని బృందము రూపొందించిన పయనీర్ అను ప్రోగ్రాము ముందుగా లక్ష్యమును గుర్తించి, ఆ లక్ష్యమును చేరగల పావుల దారులను మాత్రమే పరిశీలించును. ఇది కొన్ని కఠినమైన చదరంగ సమస్యలను సాధించినను, ఏ పోటీలోను పాల్గొనలేదు. విద్యుత్ కేంద్రముల మరమ్మతుల ప్రణాళికకు ఈ పద్ధతి ఉపకరించినది.

మరణము, ప్రభావము

బోట్విన్నిక్ 1995లో మాస్కోలో క్యాన్సరుతో మరణించాడు. రెండేళ్ళ తరువాత, 1997 మేలో, ఐబీఎం వారి డీప్ బ్లూ కంప్యూటరు న్యూయార్కులో ఇతని శిష్యుడు కాస్పరోవ్‌ను 3½-2½ తేడాతో ఓడించినది. అది సెకనుకు సుమారు 20 కోట్ల స్థితులను పరిశీలించగలదు. అనగా బోట్విన్నిక్ వలదన్న మార్గమే నెగ్గినది.

అయినను కథ అంతటితో ముగియలేదు. 2017లో వెలువడిన ఆల్ఫాజీరో సెకనుకు సుమారు 80 వేల స్థితులనే పరిశీలించి, సుమారు 7 కోట్ల స్థితులను పరిశీలించు స్టాక్‌ఫిష్‌ను ఓడించినది. కొద్ది ఎత్తులనే ఎంచి లోతుగా చూచుట బోట్విన్నిక్ ఆశయమునకు సన్నిహితమే. కాని ఆ ఎంపికను ఆల్ఫాజీరో మానవ నిపుణుల సూత్రముల నుండి గాక, తనతో తాను ఆడుకొని నేర్చుకున్నది.