పన్ను కట్టని పుణ్యపురుషుడు జాన్ వూల్మన్

ప్రభుత్వమునకు పన్ను చెల్లించుట ప్రజల ధర్మము. కాని ఆ ధనము నరహత్యకు వినియోగమగునని తెలిసినపుడు ధర్మపరుడు చేయవలసినదేమి? పదునెనిమిదవ శతాబ్దమున అమెరికాలో ఒక దర్జీకి ఈ ధర్మసంకటము సంప్రాప్తమయ్యెను. ఆ మహనీయుడే జాన్ వూల్మన్.

ఆయన 1720 అక్టోబరు 19వ తేదీన న్యూజెర్సీలో ఒక క్వేకరు కర్షక కుటుంబమున జన్మించెను. క్వేకర్లు క్రైస్తవులలో ఒక శాఖవారు. ప్రతి మానవుని హృదయమందును దైవజ్యోతి వెలుగుచున్నదనియు, కావున ఆయుధము పట్టరాదనియు వారి విశ్వాసము. యౌవనమున ఆయన ఒక వర్తకుని యొద్ద కొలువు చేయుచుండగా, ఒక బానిస స్త్రీ విక్రయపత్రమును వ్రాయుమని యజమాని ఆజ్ఞాపించెను. వ్రాసెను గాని మనస్సు క్షోభించెను. అది ధర్మవిరుద్ధమని యజమానితో చెప్పెను. పిదప మరియొకరు అట్టి పత్రమునే కోరగా నిరాకరించెను. తన అంగడి వృద్ధి చెందుచుండగా, అధిక వ్యాపారము ఆత్మకు భారమని యెంచి దానిని విడిచి, కుట్టుపనితోను తోటపనితోను జీవించెను.

1755లో ఫ్రెంచివారితో జరుగుచున్న పోరాటమును పురస్కరించుకొని పెన్సిల్వేనియా శాసనసభ 60,000 పౌనుల ధనమును మంజూరు చేసి, అందులకై పన్ను విధించెను. ఆ సభలో క్వేకర్లును పెక్కుమంది యుండిరి. ఇంగ్లండులోని క్వేకర్లు యుద్ధవ్యయముతో కలిసిన పన్నులను చిరకాలముగా చెల్లించుచునే యుండిరి. వారు సజ్జనులు, పెద్దలు. వారు చేసినదానిని కాదనుట వూల్మనునకు మిక్కిలి కష్టమయ్యెను. అయినను అంతరాత్మకు విరుద్ధముగా నడచుట అంతకంటె భయంకరముగా తోచెను. సజ్జనులైనను అన్ని విషయములందును పొరపడకుందురని లేదు గదా! ఆ డిసెంబరులో ఆయనయు మరికొందరును తమవారికి ఒక లేఖ వ్రాసిరి. ఆదివాసులతో మైత్రికిని, ఆపన్నుల పోషణకును ధనమిత్తుము గాని, యుద్ధమునకు ఈయజాలము, అందువలన కలుగు కష్టమును సహింతుమని దాని సారాంశము. ధనలోభముచే పన్ను ఎగవేయుటకును, ధర్మముకొరకు నష్టమునకు సిద్ధపడుటకును గల భేదము ఇందు స్పష్టము.

1758లో ప్రభుత్వము సైనికులను ప్రజల యిండ్లలో బస చేయించెను. తన యింటికి వచ్చిన సైనికుని వూల్మన్ రెండు వారములు ఆదరించెను. అధికారి బస సొమ్ము ఈయబోగా స్వీకరింపలేదు. యుద్ధమునకు ఈయనివాడు యుద్ధధనమును పుచ్చుకొనుటయు తగదు గదా!

1772లో ఇంగ్లండునకు వెళ్లి, గుఱ్ఱములకును బండ్లు తోలు బాలురకును కలుగు బాధ చూడలేక, బండి యెక్కక కాలినడకనే సంచరించెను. ఆ అక్టోబరు 7న యార్కు నగరమున మశూచితో పరమపదించెను. 1776లో ఫిలడెల్ఫియా క్వేకర్ల మహాసభ బానిసలను కలిగియుండుటను తన సభ్యులకు నిషేధించెను. ఆయన పాతికేండ్లకు పైగా ఇల్లిల్లు తిరిగి శాంతముగా చెప్పిన మాట అట్లు ఫలించెను. ఆయన ఎవరిని నిందింపలేదు. తాను నమ్మినదానిని తాను ఆచరించెను.