ఊరికి నీళ్ళు తెచ్చిన ఇంజనీరు హెన్రీ డార్సీ

పీజీలో భూగర్భశాస్త్రం చదువుతున్న మాకు ల్యాబ్‌లో రోజూ వినిపించే పేరు డార్సీ. రాతిలోంచి నీరు ఎంత తేలికగా పారుతుందో చెప్పే కొలమానానికి ఆ పేరు పెట్టారు. ఆ పేరుగల మనిషి గురించి మన హాస్టల్ తమ్ముళ్ళకు చెప్పాలనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

హెన్రీ డార్సీ 1803 జూన్ 10న ఫ్రాన్స్‌లోని డిజోన్ పట్టణంలో పుట్టారు. పద్నాలుగో ఏట తండ్రి పోయారు. తల్లి అప్పు చేసి మరీ ట్యూషన్లు చెప్పించింది. అప్పు చేసి చదివించే తల్లి ఎలా ఉంటుందో మనకు ఎవరూ వేరే చెప్పనక్కరలేదు. 1821లో ఆయన పారిస్ పాలిటెక్నిక్‌లో చేరారు. ఇది మన డిప్లొమా పాలిటెక్నిక్ లాంటిది కాదు, గట్టి పోటీపరీక్ష నెగ్గితే గానీ సీటు రాదు. ఆ తరువాత రోడ్లు, వంతెనల ఇంజనీరింగ్ చదివి సొంత ఊరికే ఉద్యోగానికి వచ్చారు.

అప్పట్లో డిజోన్‌లో మంచినీళ్ళకు కటకట. బావుల నీళ్ళు బాగుండేవి కావు. డార్సీ 12 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న రోజ్వార్ ఊట నుంచి, మూసిన కాలువ ద్వారా 1840లో ఊరికి నీళ్ళు తెచ్చారు. పంపులు లేవు, అంతా వాలు మీదనే. ఊరు ఇవ్వజూపిన పారితోషికం వద్దన్నారు. బంగారు పతకం, బతికినంతకాలం ఇంటికి ఉచితంగా నీళ్ళు, అంతే తీసుకున్నారు. మాకు ఆయన నియమం కన్నా ఈ సంగతే గొప్పగా అనిపిస్తుంది.

1848 రాజకీయ మార్పుల్లో ఆయనను డిజోన్ నుంచి పంపించేశారు. తరువాత పారిస్‌లో పెద్ద ఉద్యోగమే చేశారు గానీ ఆరోగ్యం చెడింది. అయినా ఊరుకోలేదు. 1855, 56లలో డిజోన్ ఆసుపత్రిలో నిలువు గొట్టం నిండా ఇసుక పోసి, పైనుంచి నీళ్ళు వదిలి, కింద ఎంత వస్తున్నదో కొలిపించారు. ఒత్తిడి తేడా రెట్టింపైతే నీరూ రెట్టింపు వస్తుంది, ఇసుక మందం రెట్టింపైతే సగమే వస్తుంది. 1856లో డిజోన్ నీటి సరఫరా మీద రాసిన పెద్ద పుస్తకం చివర, అనుబంధంలో ఈ సంగతి అచ్చువేశారు. 1858 జనవరి 3న కన్నుమూశారు.

ఇసుకలో నీరు నిమిషాల్లో దిగుతుంది. గ్రానైట్ వంటి గట్టి రాతిలో ఆ పద్ధతి పెడితే చుక్క కోసం రోజులు కాచుకోవాలి. 1968లో అమెరికాలో బ్రేస్, ఆయన సహచరులు వేరే దారి పట్టారు. రాతి ముక్కను చుట్టూ గట్టిగా నొక్కిపెట్టి, ఒక చివర ఒత్తిడిని హఠాత్తుగా కొద్దిగా పెంచి, అది ఎంతసేపటికి తగ్గుతుందో చూశారు. పారిన నీటిని పట్టి కొలవనక్కరలేదు, ఒత్తిడి తగ్గే తీరును బట్టి లెక్క కడతారు. వారికి వచ్చిన అంకెలు నానోడార్సీలలో ఉన్నాయి. అంటే డార్సీలో వంద కోట్లో వంతు. చుట్టూ నొక్కుడు 100 బార్లున్నప్పుడు 350, 4000 బార్లకు పెంచితే 4. లెక్క మాత్రం డార్సీ నియమం మీదనే నడిచింది.

హైదరాబాదు చుట్టుపక్కల ఉన్నదీ గ్రానైటే. అక్కడి బోర్లకు నీళ్ళు వచ్చేది గట్టి రాతిలోంచి కాదు, దాని పగుళ్ళలోంచి, పైన పొడిబారిన పొరలోంచి. ల్యాబ్‌కు తెచ్చే చిన్న ముక్కలో ఆ పెద్ద పగుళ్ళు ఉండవు. అందుకే మా అంకెలు చూసి ఎవరైనా బోరు వేయాలా వద్దా అని అడిగితే, ముందు పొలం చూడాలంటాము.