సైజా.. పవరా.. నమ్మకమా? పిస్టల్ లెక్క తేల్చడానికి జీవితాన్నే ఖర్చు చేసిన జాన్ బ్రౌనింగ్ కథ

కొత్త బండి కొంటే కొండగట్టు అంజన్న దగ్గరికి తీసుకెళ్లి పూజ చేయించడం జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల జనానికి అలవాటు. దసరా వచ్చిందంటే పోలీసులు కూడా తమ ఆయుధాలకు పసుపు కుంకుమలు పెట్టి పూజ చేస్తారు. ఆ వీడియోలు మన ఫోన్లలో తెగ తిరుగుతాయి కూడా. బల్ల మీద పెద్ద రైఫిళ్లు వరుసగా ఉంటే, ఓ పక్కన చిన్నగా, నల్లగా పిస్టళ్లు కనిపిస్తాయి. చాలా ఏళ్లుగా మన సైన్యం, పోలీసు అధికారుల నడుముకు ఉంటున్న 9 ఎంఎం పిస్టల్ అసలు ఎవరి బుర్రలో పుట్టిందో తెలుసా?

ఆయన పేరు జాన్ మోజెస్ బ్రౌనింగ్. అమెరికాలోని యూటా రాష్ట్రం, ఆగ్డెన్ అనే ఊరు. పోయి దాదాపు వందేళ్లు. కానీ ఇవాళ ప్రపంచంలో ఏ పిస్టల్ తీసి చూసినా ఆయన ఆలోచన ఎక్కడో ఒకచోట తగులుతుంది.

పిస్టల్ గురించి మాట్లాడేవాళ్లంతా చివరికి ఒక్క ప్రశ్న దగ్గరే ఆగుతారు. అన్నిటికీ పనికొచ్చే పిస్టల్ ఏది? రోజంతా నడుముకు పెట్టుకున్నా బరువు అనిపించకూడదు. అవసరం పడితే ఎదుటివాణ్ని ఆపే దెబ్బ ఉండాలి. నొక్కిన ప్రతిసారీ పేలాలి. చెప్పడానికి మూడు ముక్కలే. చేయబోతే ఒకటి దొరికితే ఇంకోటి జారిపోతుంది. బ్రౌనింగ్ జీవితం మొత్తం ఈ మూడింటి మధ్య నలిగింది.

తండ్రి షాపులో మొదలు

బ్రౌనింగ్ 1855 జనవరిలో పుట్టాడు. తండ్రి జొనాథన్ తుపాకులు చేసే పనివాడు. మోర్మన్ మతస్తుడు, ముగ్గురు భార్యలు, 22 మంది పిల్లలు. ఆ పిల్లల్లో ఒకడు జాన్. పెద్దగా చదువుకున్నది లేదు. తండ్రి షాపులో పడి ఉన్న తుక్కు ఇనుము, పాత గొట్టాలే ఆటబొమ్మలు. పదేళ్ల వయసుకే ఆ తుక్కుతో ఓ తుపాకీ తయారుచేశాడని చెబుతారు.

1879లో తండ్రి చనిపోయాడు. అదే ఏడాది జాన్‌కు పెళ్లయింది, అదే ఏడాది అక్టోబరులో మొదటి పేటెంట్ కూడా వచ్చింది. ఒక్కో తూటా పెట్టి పేల్చే రైఫిల్ అది. అన్నదమ్ములంతా కలిసి చిన్న వర్క్‌షాపు పెట్టుకుని వాటిని చేసి అమ్మేవారు. అది ఎలాగో వించెస్టర్ కంపెనీ పెద్దల కంట పడింది. 1883లో ఆ కంపెనీ మనిషి దేశం ఆ చివర నుంచి రైలెక్కి ఆగ్డెన్ వచ్చాడు. 8 వేల డాలర్లకు హక్కులు కొనుక్కెళ్లాడు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు.

అప్పటి నుంచి దాదాపు ఇరవై ఏళ్లు బ్రౌనింగ్ గీసిందల్లా వించెస్టర్ కొన్నది. గీసింది అనడం కూడా పూర్తిగా కరెక్ట్ కాదు. ఆయన డ్రాయింగులు వేసే రకం కాదు. బుర్రలో ఉన్నదాన్ని నేరుగా ఇనుములో కోసేవాడు. సరిపోకపోతే ఆకురాయి పట్టుకునేవాడు. మన ఊళ్లో మంచి మెకానిక్ ఎవరైనా ఇలాగే చేస్తాడు, కాకపోతే ఈ మెకానిక్‌కు చివరికి 128 పేటెంట్లు వచ్చాయి.

గడ్డి వంగిన రోజు

1889 ప్రాంతంలో ఓ షూటింగ్ పోటీ దగ్గర ఆయన ఒక విషయం గమనించాడు. తుపాకీ పేలిన ప్రతిసారీ గొట్టం ముందున్న గడ్డి, తుప్పలు వంగిపోతున్నాయి. అక్కడున్న అందరూ అది చూసే ఉంటారు. ఆ వృథాగా పోయే శక్తినే వాడుకుంటే తుపాకీ తనంతట తానే లోడ్ అవుతుంది కదా అన్నది ఈయనకు తట్టింది. ఆ ఆలోచనే మెషీన్ గన్‌కు దారి తీసింది. ఆ తర్వాత చూపు పిస్టల్ మీద పడింది.

అప్పటిదాకా చేతి తుపాకీ అంటే రివాల్వరే. ఆరు గుళ్ల చక్రం తిరుగుతుంది, పేలుతుంది. లావుగా ఉంటుంది, మళ్లీ నింపడం ఆలస్యం. కానీ ఒక గొప్ప గుణం ఉంది. ఒక తూటా పేలకపోతే ఏమీ చేయనక్కర్లేదు, ఇంకోసారి నొక్కితే పక్క తూటా వస్తుంది. ఆటోమేటిక్ పిస్టల్‌లో అలా కాదు. ఒక్క తూటా అడ్డం పడితే మొత్తం ఆగిపోతుంది. సైన్యాలు చాలాకాలం పిస్టల్‌ను నమ్మకపోవడానికి కారణం ఇదే.

ఈ ఇబ్బంది సిరిసిల్లవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. సాంచె మీద నాడె అటు పోవాలి, ఇటు రావాలి. ఒక్కసారి మధ్యలో ఇరుక్కుందా, పోగులు తెగుతాయి, సాంచె ఆగుతుంది. పిస్టల్ పైభాగం కూడా అంతే. పేలగానే వెనక్కి వచ్చి ఖాళీ తొడుగును బయటికి విసరాలి, ముందుకెళ్తూ కొత్త తూటాను గొట్టంలోకి తోయాలి. రెప్పపాటులో. ఆ కదిలే పైభాగాన్నే స్లైడ్ అంటారు. దాన్ని ఈ రూపంలోకి తెచ్చింది బ్రౌనింగే. దానికి సంబంధించిన కీలక పేటెంట్లు 1897 ఏప్రిల్‌లో వచ్చాయి.

అదే ఏడాది బెల్జియంలోని ఎఫ్‌ఎన్ కంపెనీతో ఒప్పందం కుదిరింది. లీజ్ నగరం పక్కన హెర్‌స్టల్ అనే చోట ఆ ఫ్యాక్టరీ. అక్కడి నుంచి వచ్చిన 7.65 ఎంఎం పిస్టల్ యూరప్‌ను ఊపేసింది. సన్నగా, బల్లపరుపుగా, కోటు జేబులో పట్టేంత. 1914కల్లా ఎఫ్‌ఎన్ పది లక్షల బ్రౌనింగ్ పిస్టళ్లు పూర్తి చేసిన సంబరం జరుపుకుంది. బెల్జియం రాజు ఆయనకు బిరుదు ఇచ్చాడు. ఫ్రెంచి భాషలో అయితే బ్రౌనింగ్ అంటేనే పిస్టల్ అన్న అర్థం వచ్చేసింది.

ఈలోగా వించెస్టర్‌తో తెగిపోయింది. తనంతట తాను లోడ్ అయ్యే షాట్‌గన్ ఒకటి చేసి, ఈసారి ఒకేసారి డబ్బు కాదు, అమ్మిన ప్రతిదానిపై వాటా కావాలన్నాడు. కంపెనీ కుదరదంది. 1902 జనవరిలో రెమింగ్టన్ కంపెనీ ప్రెసిడెంట్‌ను కలవడానికి వెళ్లి ఆఫీసులో కూర్చున్నాడు. ఆయన మాత్రం రాలేదు. అదే మధ్యాహ్నం గుండె ఆగి చనిపోయాడు. బ్రౌనింగ్ ఆ తుపాకీని పట్టుకుని ఓడెక్కి బెల్జియం వెళ్లిపోయాడు.

చిన్నదైతే చాలదు

జేబులో పట్టే పిస్టల్ సరే, దెబ్బ సంగతేంటి? ఆ ప్రశ్న ఫిలిప్పీన్స్ అడవుల నుంచి వచ్చింది.

1898 తర్వాత అమెరికా సైన్యం అక్కడికి వెళ్లింది. దక్షిణ దీవుల్లో మోరో యోధులతో పోరు. అధికారుల దగ్గరున్నది .38 రివాల్వర్. కత్తి పట్టుకుని మీదికొచ్చే మనిషికి గుళ్లు తగిలినా ఆగడం లేదని రిపోర్టులు వచ్చాయి. గుండు తగిలినవాడు తర్వాత చనిపోవచ్చు, కానీ ఆ లోపే ఇవతలివాడి మెడ తెగుతోంది. పాత .45 రివాల్వర్లను మళ్లీ బయటికి తీయాల్సి వచ్చింది. అయితే ఆ మోరోలు తమ సొంత గడ్డ మీదే పోరాడుతున్నారన్న సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి.

1904లో థామ్సన్, లగార్డ్ అనే ఇద్దరు అధికారులు షికాగోలో పరీక్షలు చేశారు. శవాల మీద, కబేళాలోని పశువుల మీద కాల్చి చూశారు. పద్ధతి మీద ఇప్పటికీ విమర్శలున్నాయి. వాళ్లు తేల్చింది మాత్రం ఒకటే.. సైన్యానికి .45 కంటే తక్కువ వద్దు.

బ్రౌనింగ్ కోల్ట్ కంపెనీ తరఫున రంగంలోకి దిగాడు. కొత్త తూటా చేశాడు. గుండు బరువే 15 గ్రాములు. ఆయనే జేబు పిస్టల్ కోసం చేసిన .25 గుండు మూడు గ్రాముల చిల్లర. తేడా చూడండి. ఇంత బరువైన తూటాకు జేబు పిస్టల్ పద్ధతి పనిచేయదు, పేలుడు ఒత్తిడికి స్లైడ్ మరీ తొందరగా తెరుచుకుంటుంది. అందుకే గొట్టాన్ని, స్లైడ్‌ను కలిపి తాళం వేసినట్టు కట్టాడు. రెండూ కొద్దిదూరం కలిసి వెనక్కి వస్తాయి, గుండు బయటపడ్డాక గొట్టం కిందికి వంగి విడిపోతుంది. ఇవాళ గ్లాక్ సహా చాలా పిస్టళ్లలో పనిచేసేది ఈ సూత్రమే.

పోటీకి చాలామంది వచ్చారు. జర్మనీ నుంచి లూగర్ కూడా వచ్చి మధ్యలోనే తప్పుకుంది. చివరికి మిగిలింది కోల్ట్, సావేజ్. 1911 మార్చిలో ఫైనల్ టెస్ట్. ఒక్కో పిస్టల్‌తో 6 వేల రౌండ్లు. వేడెక్కితే నీళ్లలో ముంచడం, మళ్లీ కాల్చడం. సావేజ్ 37 సార్లు మొరాయించింది. బ్రౌనింగ్ పిస్టల్? ఒక్కసారి కూడా కాదు. మార్చి 29న అమెరికా సైన్యం దాన్ని తీసుకుంది. అదే మోడల్ 1911. రెండు ప్రపంచ యుద్ధాలు, కొరియా, వియత్నాం దాటుకుని 1985 దాకా అధికారిక పిస్టల్‌గా ఉంది. ఆ పోటీలో సైజులోనో పవర్‌లోనో పెద్ద తేడా లేదు, ఇద్దరిదీ .45 తూటానే. గెలిపించింది నమ్మకం ఒక్కటే.

అలాగని అది అన్నిటికీ సరిపోయే పిస్టలా అంటే, నా లెక్కలో కాదు. ఖాళీగానే కిలో దాటుతుంది. మ్యాగజైన్‌లో ఏడు తూటాలే. చిన్న చేతులవాళ్లకు కష్టం.

చేతులు మారితే..

ఈ కథలో చీకటి ముక్క ఇక్కడే ఉంది. జేబులో పట్టే పిస్టల్ అంటే దాచుకోగలిగే పిస్టల్ అని కూడా అర్థం. 1914 జూన్ 28న సరయెవోలో గవ్రిలో ప్రిన్సిప్ అనే కుర్రాడు ఆస్ట్రియా యువరాజును, ఆయన భార్యను కాల్చి చంపింది ఎఫ్‌ఎన్ చేసిన బ్రౌనింగ్ 1910 మోడల్‌తోనే. ఆ వెంటనే మొదటి ప్రపంచ యుద్ధం. రాజు చేతుల మీదుగా బిరుదు అందుకున్న ఏడాదే ఇది జరిగింది.

మన చరిత్రలోనూ ఈయన పనితనం కనిపిస్తుంది. 1928 డిసెంబరు 17న లాహోర్‌లో సాండర్స్ మీద భగత్ సింగ్ వాడింది .32 కోల్ట్ ఆటోమేటిక్. చాలా ఏళ్లు ఇండోర్‌లోని బీఎస్‌ఎఫ్ మ్యూజియంలో నల్లరంగు పూతతో పడి ఉంది. రంగు గీకితే నంబరు బయటపడింది, అప్పుడు గానీ అది ఎవరిదో తెలియలేదు. 1931 ఫిబ్రవరి 27న అలహాబాద్ పార్కులో చంద్రశేఖర్ ఆజాద్ చివరిదాకా పోరాడిన కోల్ట్ పిస్టల్ అక్కడి మ్యూజియంలో ఉంది. అదీ బ్రౌనింగ్ డిజైనే, 1903 మోడల్. ఇక 1948 జనవరి 30న గాంధీజీని బలిగొన్న తుపాకీ ఇటలీది, బెరెటా. దాన్ని బ్రౌనింగ్ చేయలేదు. అందులోని తూటా కొలత మాత్రం 1908లో ఆయన తెచ్చిందే.

చివరి పిస్టల్

మొదటి ప్రపంచ యుద్ధంలోకి అమెరికా దిగేటప్పుడు ఆయన మెషీన్ గన్‌ను పరీక్షించారు. 20 వేల రౌండ్లు ఆగకుండా.. ఆ తర్వాత ఇంకో 20 వేలు. ప్రభుత్వం హక్కులకు ఏడున్నర లక్షల డాలర్లు ఇస్తానంటే సరే అనేశాడు. వాటా లెక్కన అయితే కోట్లలో వచ్చేదని చెబుతారు. వాటా కోసం వించెస్టర్‌నే వదిలేసిన మనిషి ఇక్కడ బేరం ఆడలేదు. 1923లో వ్యాపారం చూసుకునే తమ్ముడు మాట్ చనిపోయాడు. అది ఆయన్ని బాగా కుంగదీసింది.

ఆ వయసులోనే మళ్లీ పాత ప్రశ్న ఎదురైంది. ఫ్రెంచి సైన్యానికి కొత్త పిస్టల్ కావాలి, ఎక్కువ తూటాలు పట్టాలి. బ్రౌనింగ్ ఈసారి .45 వైపు వెళ్లలేదు. 9 ఎంఎం తీసుకున్నాడు. గుండు బరువు .45లో సగమే, కానీ వేగం ఎక్కువ, చేతికి ఎదురుదెబ్బ తక్కువ. ఎఫ్‌ఎన్‌లో పనిచేసే డ్యూడొనె సైవ్ అనే ఇంజినీర్ తూటాలను ఒకదాని పక్కన ఒకటి అస్తవ్యస్తంగా కాకుండా జిగ్‌జాగ్‌గా పేర్చే మ్యాగజైన్ చేశాడు. దాంతో పిడి చేతికి లావు కాకుండానే 13 తూటాలు పట్టాయి. బరువు కిలో లోపే. మూడు కోరికలూ ఒకేచోట ఇంత దగ్గరగా రావడం అదే మొదటిసారి అనుకోవచ్చు.

కానీ పూర్తయింది ఆయన చూడలేదు. 1926 నవంబరు 26న హెర్‌స్టల్ ఫ్యాక్టరీలో, కొడుకు వాల్ ఆఫీసులో, గుండెపోటుతో కన్నుమూశాడు. 71 ఏళ్లు. ఆ పిస్టల్ పేటెంట్ మరుసటి ఏడాది ఫిబ్రవరిలో మంజూరైంది. మిగిలిన పని సైవ్ పూర్తిచేశాడు. 1935లో బయటికొచ్చింది. పేరు హై పవర్.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఆ ఫ్యాక్టరీని పట్టుకుని తమ కోసం అదే పిస్టల్ చేయించుకున్నారు. ఇవతలి పక్షం కోసం కెనడాలోని ఇంగ్లిస్ కంపెనీ అదే చేసింది. రెండు పక్షాల చేతుల్లోనూ ఒకే పిస్టల్ అన్నమాట. ఆ కెనడా నమూనానే తర్వాత మన పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీకి వచ్చింది. పిస్టల్ ఆటో 9 ఎంఎం 1ఏ అన్న పేరుతో సైన్యానికి, పోలీసులకు అక్కడే తయారైంది.

మామూలు జనానికి మాత్రం ఆ 9 ఎంఎం దొరకదు. మన ఆయుధ చట్టం ప్రకారం అది నిషేధిత బోర్. లైసెన్స్ ఉన్నవాళ్లకు ప్రభుత్వ కర్మాగారాల .32 పిస్టల్ ఉంది. అందులో పెట్టే .32 తూటా కూడా బ్రౌనింగ్‌దే, 1899 నాటిది.