అంతరిక్షంలో శాక్సోఫోన్ ఊదిన రొనాల్డ్ మెక్‌నేర్

1984 ఫిబ్రవరిలో అమెరికా స్పేస్ షటిల్ ఛాలెంజర్ భూమి చుట్టూ తిరుగుతుండగా, లోపల శాక్సోఫోన్ మోగింది. అంతరిక్షంలో గాలి లేదు, శబ్దం వినిపించదు. షటిల్ క్యాబిన్‌లో మాత్రం గాలి ఉంటుంది కాబట్టి ఊదితే పాట వినిపిస్తుంది. అలా ఊదిన వ్యక్తి రొనాల్డ్ మెక్‌నేర్, అంతరిక్షంలోకి వెళ్లిన రెండో నల్లజాతి అమెరికన్.

ఆయన 1950 అక్టోబర్ 21న సౌత్ కరోలినా రాష్ట్రంలోని లేక్ సిటీ అనే చిన్న ఊళ్లో పుట్టారు. నాన్న మెకానిక్, అమ్మ టీచర్. నల్లవాళ్లకు బడి కూడా వేరుగా ఉండే రోజులవి. 1959లో తొమ్మిదేళ్ల రొనాల్డ్ ఊరి లైబ్రరీలో పుస్తకాలు అడిగితే, నల్లవాళ్లకు ఇవ్వబోమని లైబ్రేరియన్ చెప్పేసింది. పిల్లాడు కదల్లేదు, కౌంటర్ ఎక్కి కూర్చున్నాడు. పోలీసులొచ్చారు, అమ్మా వచ్చింది. పిల్లాడు ఏ గొడవా చేయట్లేదని పోలీసులే చూశారు. చివరికి పుస్తకాలు చేతికొచ్చాయి.

స్కూల్లోనే శాక్సోఫోన్ నేర్చుకున్నారు. కరాటేలో బ్లాక్ బెల్ట్ సాధించారు. 1971లో ఫిజిక్స్ డిగ్రీ పూర్తిచేసి ఎంఐటీలో చేరారు. అక్కడ పీహెచ్‌డీ కోసం రెండేళ్లు కష్టపడి రాసుకున్న పరిశోధన వివరాలు దొంగల పాలయ్యాయి. ఇంటిదారి పట్టకుండా మళ్లీ మొదట్నుంచి చేశారు. 1976లో లేజర్ ఫిజిక్స్‌లో డాక్టరేట్ అందుకున్నారు. 1978లో నాసా ఎంపిక చేసిన 35 మందిలో ఆయనా ఒకరు.

రెండో ప్రయాణానికి ఇంకో పెద్ద కోరిక పెట్టుకున్నారు. ఫ్రెంచ్ సంగీతకారుడు జాన్ మిషెల్ జార్ ఆల్బమ్ కోసం అంతరిక్షం నుంచే ఒక పాటకు శాక్సోఫోన్ వాయించి రికార్డు చేయాలనుకున్నారు. అది జరగలేదు. 1986 జనవరి 28న ఛాలెంజర్ బయల్దేరిన 73 సెకన్లకే పేలిపోయింది. ఏడుగురూ చనిపోయారు. రాకెట్ అతుకులో ఉన్న రబ్బరు సీల్ చలికి బిగుసుకుపోయి పనిచేయకపోవడమే కారణం. చలిలో ప్రయోగం వద్దని ముందురోజు రాత్రే ఇంజనీర్లు చెప్పినా పై వాళ్లు వినలేదు. అప్పటికి మెక్‌నేర్ వయసు 35 ఏళ్లే.

ఆ పాటను తర్వాత భూమ్మీదే మరొకరు వాయించారు. జార్ దానికి రొనాల్డ్ పేరే పెట్టారు.

పుస్తకాలు ఇవ్వనన్న ఆ లైబ్రరీ భవనం ఇప్పుడు ఆయన జీవితాన్ని చూపించే కేంద్రంగా మారింది. పేద ఇళ్ల నుంచి, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లల్ని పీహెచ్‌డీ వరకు నడిపించడానికి అమెరికా ప్రభుత్వం నడిపే పథకానికి కూడా మెక్‌నేర్ పేరే ఉంది. చదువు దారిలో ఎవరైనా తలుపు మూసినప్పుడు, అక్కడే కూర్చుని అడగొచ్చని తొమ్మిదేళ్ల పిల్లాడు చూపించాడు.