ఉపేంద్రకిశోర రాయచౌధురి: పిల్లల పుస్తకములలోని బొమ్మలు

వంగదేశీయుడగు ఉపేంద్రకిశోర రాయచౌధురి మన కులమువాడు కాడు, మన భాషవాడును కాడు. అట్టివాని చరిత్రము మన సంఘ వార్షిక సంచికలో నేల యని చదువరులలో కొందరడుగవచ్చును. బాలుర చదువునకై ధనమొసగు పోషకమహాశయులు పెక్కురుగల సంఘములో, బాలుర చేతికి వచ్చు పుస్తకమెట్టిదిగా నుండవలెనను చింతతో జీవితము గడపిన యొకని కథ వినదగినదని మేము తలచితిమి. ఆయన మనుమడు సత్యజిత్ రాయ్ నెరుగనివారు లేరు. తాతగారి పేరు మాత్రము మన ప్రాంతమున అంతగా వినబడదు.

ఆయన 1863వ సంవత్సరమున మైమన్‌సింగు మండలమందలి మసూయా గ్రామమున జన్మించెను. ఆ గ్రామ మిప్పుడు బంగ్లాదేశములోనిది. తండ్రి కాళీనాథ రాయ్ సంస్కృత, అరబ్బీ, పారసీక భాషలలో పండితుడు. తలిదండ్రులు పెట్టిన పేరు కామదారంజనుడు. ఐదేండ్ల ప్రాయమున, జ్ఞాతియు జమీందారునగు హరికిశోర రాయచౌధురి బాలుని దత్తు చేసికొని ఉపేంద్రకిశోరుడని నామకరణము చేసెను. బాలునకు చదువుకంటె బొమ్మలమీదను వాయిద్యములమీదను మక్కువ. వంగరాష్ట్రపు లెఫ్టినెంటు గవర్నరు ఆష్లీ ఈడెన్ దొర పాఠశాలను చూడవచ్చినపుడు, ఈ బాలుడు బల్లమీద తల వంచుకొని ఆ దొర రూపునే గీయుచుండెననియు, ఉపాధ్యాయులు గడగడలాడుచుండగా దొర ఆ బొమ్మ చూచి మెచ్చి, ఈ విద్యను విడువవలదని చెప్పెననియు ఒక కథ కలదు. ముప్పదియేండ్లకు పైగా బడిలో గడపిన మాకు, ఆ ఉపాధ్యాయుల భయము బాగుగ తెలియును.

పిమ్మట ఆయన కలకత్తాలో చదివి పట్టభద్రుడై బ్రాహ్మసమాజమున చేరెను. ఆ సమాజము కులభేదమును పాటింపదు. కులసంఘపు సంచిక యని ఈ మాట దాచుట న్యాయము కాదు. సంఘసంస్కర్త ద్వారకానాథ గంగోపాధ్యాయుని కుమార్తె విధుముఖిని వివాహమాడెను.

బాలురకు చదువదగిన పుస్తకములు వంగభాషలో అరుదుగా నున్న దినములవి. ఉపేంద్రకిశోరుడు రామాయణకథను పిల్లలకు తెలియు మాటలలో వ్రాసి, తానే బొమ్మలు వేసెను. ఆ కాలమున బొమ్మను అచ్చువేయవలెనన్న చెక్కదిమ్మపై చెక్కింపవలసియుండెను. చిత్రకారుడు గీసినదొకటి, చెక్కువాని యులికి అందినదొకటి. పుస్తకము వెలువడినపుడు ఆయన తన బొమ్మలను తానే గుర్తింపలేనంతగా చెడిపోయియుండెను. వేరొకడైనచో పనివానిని నిందించి యూరకుండును. చదువు రాని పసివానికి అక్షరము పలుకదు, బొమ్మయే పలుకును. అది చెడిన పుస్తకమంతయు వానికి మూగయగును. మా బడిపుస్తకములలో సిరా అలుముకొన్న బొమ్మను చూచి, అది ఏనుగా గుట్టయా యని పిల్లలడుగగా మేము పాఠము చదివి చెప్పవలసివచ్చెడిది. కావున ఆయన బాధ మాకు వింతగా తోచదు.

ఆయన చేసిన ప్రతిక్రియ మాత్రము వింతయైనదే. 1895వ సంవత్సరమున సొంతధనము వెచ్చించి, సీమనుండి హాఫ్‌టోను పద్ధతికి వలయు కెమెరాను, సామగ్రిని తెప్పించి, ఇంటిలోనే పని ఆరంభించెను. దగ్గర నుండి నేర్పు గురువు లేడు, పుస్తకములే గురువులు.

అచ్చుపని తెలియనివారికై ఇచ్చట కొంత చెప్పవలెను. అచ్చుయంత్రమునకు సిరా యుండుట తెలియును, లేకుండుట తెలియును. నడుమనున్న నీడ దానికి తెలియదు. కుంచెతో దిద్దిన మబ్బుచాయను కాగితముపైకి దింపవలెనన్న దానిని సన్నని చుక్కలుగా విడగొట్టవలెను. చీకటిచోట చుక్క పెద్దది, వెలుతురుచోట చిన్నది. కన్ను వానిని కలిపి నీడగా గ్రహించును. ఆ చుక్కలు పుట్టుటకై, అడ్డముగను నిలువుగను గీతలు గీసిన గాజుపలకను కెమెరాలో, ఛాయ పడు పలకకు కొంచెము ముందుగా నిలుపుదురు. ఆ కొంచెమెంత యనుటలోనే మర్మమంతయు నున్నది. దూరము తప్పిన చుక్కల రూపు చెడి, ముఖముమీది నవ్వు మచ్చగా మారును. సీమలోని పనివారుసైతము దీనిని చాలవరకు చేతివాటముచేతను ఊహచేతను కుదుర్చుకొనుచుండిరి. ఉపేంద్రకిశోరుడు గణితమును పట్టెను. కటకపు రంధ్రమెంత, గీతల యెడమెంత, పలక దూరమెంత యని లెక్కకట్టి, గాజుపలకను ఊహతో పనిలేకుండ సరియైన చోట నిలుపు ఉపాయమును కనిపెట్టెను. 1897 మొదలుకొని లండనులోని పెన్రోజ్ వార్షిక సంచికలో ఆయన వ్యాసములు ప్రకటితమగుచు వచ్చెను. కలకత్తాలోని యొక యింటిలో జరిగిన పరీక్షలను ఆ విద్య పుట్టిన దేశమువారు శ్రద్ధతో చదివిరి. రామానంద చటోపాధ్యాయుని ప్రవాసి, మోడరన్ రివ్యూ పత్రికలలో రంగుబొమ్మలు కన్నులపండువుగ వెలువడుటకు ఈయన బ్లాకులే ఆధారము.

ఇంత యంత్రవిద్య గడించియు ఆయన బొమ్మను యంత్రమునకు దాసి చేయలేదు. 1910లో వెలువడిన టున్‌టునీర్ బొయి దానికి సాక్ష్యము. టున్‌టుని యనగా ఆకులు కుట్టి గూడు కట్టుకొను చిన్నపిట్ట. తూర్పువంగమున సందెవేళ పిల్లలు అన్నము తినకమునుపే నిద్రపోకుండుటకై ఇంటి స్త్రీలు చెప్పు కథలివి. వంగమొక్కలో గూడు కట్టిన పిట్ట, క్రిందికి వచ్చిన పిల్లికి మహారాణి యని మ్రొక్కి మ్రొక్కి దినములు గడపును. పిల్లలకు రెక్కలు వచ్చి ఎగిరినపిదప అదే పిల్లికి కాలు చూపి తానును ఎగిరిపోవును. పిల్లి గూటిపైకి దూకి ముండ్లు గ్రుచ్చుకొనుటయే ఫలము. ఇట్టి కథకు ఆయన నల్లని గీతలతోనే బొమ్మలు వేసెను. నీడలను దింపు విద్యలో అంతటివాడు నీడలవసరము లేనిచోట వానిని వాడకుండుటయే మాకు ఎక్కువ మెప్పుగా తోచుచున్నది. కథ కూర్చినవాడు, బొమ్మ గీసినవాడు, ఆ బొమ్మ అచ్చులో నెట్లు పడునో యెరిగినవాడు ఒక్కడే యగుటచేత గీసినదానికిని అచ్చుపడినదానికిని ఎడము లేకపోయెను.

1913వ సంవత్సరమున ఆయన సందేశ్ అను బాలుర మాసపత్రికను స్థాపించెను. మేఘసందేశము చదివిన మనకు సందేశమనగా వార్తయే. వంగదేశీయులకు అది పాలవిరుగుడుతో చేయు మిఠాయియును గూడ. ఒక్క పేరులో రెండును ఇమిడ్చి పిల్లల కందించిన చమత్కారమది. ముఖచిత్రమును ఆయనయే వేసెను. కథలు, శాస్త్రవిషయములు, బొమ్మలు మిక్కిలిగా ఆయనవే. గూపీ గాయకుడు, బాఘా వాద్యకారుడు అను ఇద్దరి కథ అందులోనే 1915లో వచ్చెను. మనుమడు దానిని 1969లో చలనచిత్రముగ తీసెను. గర్పార్ వీధిలో 100వ నెంబరు గల యింటిని ఆయన తానే కట్టించెను. అచ్చుకూటము, బ్లాకులు చేయు గదులు, కాపురము అన్నియు ఆ యింటనే. పెద్దకుమారుడు సుకుమారుడు 1911లో సీమకేగి, లండను, మాంచెస్టరు నగరములలో ముద్రణవిద్య నభ్యసించి 1913లో తిరిగివచ్చెను.

తండ్రికి మాత్రము ఆయువు చాలలేదు. మధుమేహము పట్టినది, ఇన్సులిన్ కనిపెట్టుటకు ఇంకను ఆరేండ్లు గడువవలసియుండెను. 1915 డిసెంబరు 20వ తేదీన, ఏబదిరెండేండ్ల వయసున ఆయన మరణించెను. పత్రికను సుకుమారుడు నడపెను. 1923లో అతడును కాలాజ్వరముచే పోయెను. కొన్ని యేండ్లకు అచ్చుకూటము చేతులు మారి, పత్రిక నిలిచిపోయెను. గర్పార్ వీధి యింటిలో 1921లో పుట్టిన సత్యజిత్తు తాతను చూడలేదు. 1961లో అతడు సందేశ్ పత్రికను మరల ప్రారంభించి, పిల్లలకై అందులో బొమ్మలు తానే వేయసాగెను.